పాఠశాల ఇచ్చిన ఒప్పంద పత్రంపై సంతకం చేయవచ్చా?

ప్రశ్న (మధురవాడ, ఒక తల్లి)

మా అబ్బాయికి 9 ఏళ్లు, నాలుగో తరగతి చదువుతున్నాడు. ఎక్కాలు 16 దాకా తడుముకోకుండా అప్పజెబుతాడు గానీ, బోర్డు మీది వాక్యాన్ని నోటుబుక్కులోకి ఎక్కించేసరికి సగం మాటల్లో అక్షరాలు తారుమారవుతాయి, మిగతా సగం రాయకముందే గంట మోగుతుంది. గత నెలలో సైకాలజిస్టు పరీక్షించి డిస్లెక్సియా అని నివేదిక ఇచ్చారు. దాన్ని పట్టుకుని బడికి వెళితే, టైపు చేసిన ఒక కాగితం మా ముందు పెట్టారు. ప్రత్యేక ఉపాధ్యాయుల ఖర్చు మేమే భరిస్తామని, ఏడాది చివరికి ప్రగతి లేకపోతే స్వచ్ఛందంగా టీసీ తీసుకుంటామని అందులో ఉంది. సోమవారంలోగా సంతకం చేయమన్నారు. తల్లిదండ్రుల లిఖిత అంగీకారం తప్పనిసరి అనీ, ఐఈపీ (ఒక్కో పిల్లవాడికి విడిగా రాసే విద్యా ప్రణాళిక) సమావేశం కోరవచ్చనీ ఇంటర్నెట్‌లో చదివాను. అది మనకు వర్తిస్తుందా?

జవాబు (గాజువాక, ప్రత్యేక ఉపాధ్యాయిని)

సంతకం చేయకండమ్మా. విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తొలగించకూడదు. ఆ సంగతి వారికి తెలుసు కాబట్టే ‘స్వచ్ఛందంగా’ అన్న మాట చేర్చారు. మీరు సంతకం పెడితే, రేపు వారు పంపించినా మీ అంతట మీరే వెళ్లినట్టు లెక్క తేలుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులు కూడా ఇలాంటి పిల్లలను త్వరగా గుర్తించి, బోధనా పద్ధతి మార్చుకుని, అవసరమైన సౌలభ్యాలు కల్పించాలన్నది దాని 16వ సెక్షన్ ఉద్దేశం. (రెండు చట్టాల్లోనూ సెక్షన్ సంఖ్య 16 కావడం కాకతాళీయమే, బడికి రాసే ఉత్తరంలో కలగాపులగం చేయకండి.) ఖర్చు విషయంలో మాత్రం చట్టం అంత సూటిగా లేదు. ఇవన్నీ జరిగేలా ప్రభుత్వం ‘ప్రయత్నించాలి’ అనే మెత్తని క్రియ అందులో ఉంది, బడులు దాని చాటునే తప్పించుకుంటాయి. అందుకే మీకు కావలసిన సౌలభ్యాలను, అంటే పరీక్షలో అదనపు సమయం, బోర్డు పాఠం ముద్రించిన కాగితం, మౌఖిక పరీక్ష వంటివాటిని, పేరుపేరునా రాసి ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోండి.

జవాబు (విశాఖ మనిషిని, ప్రస్తుతం న్యూజెర్సీ)

మీరు చదివింది అమెరికా చట్టం గురించి. తొలి మదింపుకు ముందు తల్లిదండ్రుల లిఖిత అంగీకారం తీసుకోవడం, ఏడాదికి కనీసం ఒకసారి ఐఈపీని సమీక్షించడం, ఆ బృందంలో తల్లిదండ్రులను సభ్యులుగా కూర్చోబెట్టడం, ఒప్పుకోకపోతే విచారణ కోరే వీలు కల్పించడం ఇక్కడి ఐడీఈఏ చట్టంలో ఉన్నవి. వాటిని విశాఖలో ఉటంకిస్తే వాదన పలుచనవుతుంది. అయితే సమావేశం కోరవద్దని ఏ చట్టమూ చెప్పదు, అడగండి.

జవాబు (సీతమ్మధార, ఒక తండ్రి)

సైకాలజిస్టు నివేదిక వేరు, వైకల్య ధ్రువపత్రం వేరు. మీ అబ్బాయికి 8 ఏళ్లు నిండాయి కాబట్టి సదరం (ఆ ధ్రువపత్రం కోసం చేసే ప్రభుత్వ వైద్య పరీక్ష) కోసం సచివాలయంలో స్లాటు బుక్ చేసుకోండి. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుకు 40 శాతం వైకల్యం ఉండాలి. బడిలో సౌలభ్యాలకు ఆ శాతం షరతు లేదు. ఇది తెలియక మేము ధ్రువపత్రం వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చున్నాం, పాపకు ఒక ఏడాది పోయింది. బడి వారు కదలకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి, ఆపై రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

మళ్లీ మధురవాడ తల్లి

ఉత్తరం ఇచ్చాను. ముద్ర వేయడానికి గుమాస్తా గారు అరగంట తర్జనభర్జన పడ్డారు. టీసీ వాక్యం కొట్టేస్తామన్నారు, ఖర్చు మాట మాత్రం వదలలేదు. సమావేశం వచ్చే గురువారం అన్నారు. కాగితం ఇంకా నా సంచీలోనే, సంతకం లేకుండా ఉంది.