సమస్య: పిల్లి పాలు కాచి పిలిచి పోసె

పృచ్ఛకుని మాట

ఈ సమస్య ఇచ్చిన పృచ్ఛకుణ్ణి నేను; వారం రోజులుగా ఊళ్ళో లేను. ఇంటి తాళాన్నీ పిల్లి భారాన్నీ పొరుగింటి అవ్వకు అప్పగించి వచ్చాను. ఆమె రోజూ సాయంత్రం ఫోనులో నా పిల్లి ఘనకార్యాలను ఏకరువు పెడుతున్నారు. మొదటినాడు తెర చిరిగింది, మరునాడు దిండులోని దూది బయటికి వచ్చింది, ఆ తరువాత కుర్చీ కాళ్ళ మీద గోళ్ళ గీతలు పడ్డాయి, నిన్న పూలకుండ వంతు వచ్చింది. ఇన్ని పనులు నేర్చినది తన పాలేవో తానే కాచుకుంటే అవ్వకు శ్రమ తప్పేది గదా అని నవ్వుకొంటూ ఉండగా పై పాదం నోట పలికింది. ఇది ఆటవెలది పద్యానికి నాలుగవ పాదం; పైకి పొసగనట్లున్న దీని అర్థాన్ని పొసగించడమే పూరణ. తక్కిన మూడు పాదాలు మీవి, వాటిపై విమర్శ విమర్శకులది.

వేమన పద్యాలు నాలుగు నోటికి వచ్చినవారికి ఆటవెలది నడక చెప్పనక్కరలేదు. అయినా కొత్తవారి కోసం ఒక్కమాట. ఒకటి, మూడు పాదాలలో 3 సూర్యగణాలు (మూడేసి మాత్రల అక్షరాల గుంపులు), 2 ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రల గుంపులు); రెండు, నాలుగు పాదాలలో 5 సూర్యగణాలు. నాలుగవ గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోటు. ప్రాస నియమం (పాదాలన్నిటా రెండవ అక్షరం ఒకే హల్లు కావడం) లేదు.

మొదటి పూరణ

తాళమిచ్చి నేను తరలితి నూరికిఁ
బొరుగుటింటి యవ్వ పూట పూట
గిన్నె తుడిచి పెట్టి కేలితో నిమిరి నా
పిల్లి పాలు కాచి పిలిచి పోసె.

విమర్శ: "పిల్లి పాలు" అన్నదాన్ని పిల్లి యొక్క పాలుగా, అంటే పిల్లికి కేటాయించిన పాలుగా విడదీసి, కాచే పనిని అవ్వకు అప్పగించారు. సమస్యలోని అసంబద్ధత ఒక్క విభక్తితో తొలగిపోయింది. ఇది అందరికీ ముందుగా తట్టే దారే అయినా నడక హాయిగా ఉంది. "పొరుగుటింటి" అని టుగాగమంతో (నడుమ ట చేర్చి) పలికించడం చెవికి ఇంపుగా ఉంది. అయితే మూడవ పాదంలో అవ్వ పిల్లిని నిమిరారు, నాలుగవ పాదంలో పిలిచారు. చేతికి అందిన పిల్లిని మళ్ళీ పిలవడం ఎందుకు? అక్కడ "కినుక లేకుండ నా" అని వేసి చూడండి. గణాలు చెడవు, గి-కి యతి నిలుస్తుంది. పైగా, పిల్లి అప్పటికే కినుక తెప్పించే పనేదో చేసిందని చెప్పకుండానే చెప్పినట్లవుతుంది. ఇప్పుడున్న పూరణలో అవ్వ మంచితనమే కనిపిస్తున్నది కాని పిల్లి అల్లరి మచ్చుకైనా లేదు.

ఒక ప్రశ్న: "పాలు కాచి" అన్నచోట "పాలు గాచి" అని ఉండవద్దా?

జవాబు: ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు. ప్రథమా విభక్తి మీది పరుషాలకు (క, చ, ట, త, పలకు) గసడదవాదేశం (గ, స, డ, ద, వలుగా మారడం) బహుళమని, అంటే జరగవచ్చు, జరగకపోవచ్చునని, బాలవ్యాకరణమే చెప్పింది. ఇక్కడ అర్థం రెండువైపులా తిరగడానికి పరుషాన్నే ఉంచుదాం.

రెండవ పూరణ

రాత్రి బండిలోన రాలేదు నిద్దుర;
కునుకు పట్టె నంతఁ గొంత సేపు;
కలను నొచ్చుకొనక కసరక నా యింటి
పిల్లి పాలు కాచి పిలిచి పోసె.

విమర్శ: సమస్యను కలలోకి నెట్టివేయడం అవధాన సభలలో కూడా చివరి ఆయుధంగా వాడే ఉపాయమే. కలలో ఏనుగు ఎగిరినా అడిగేవారుండరు కనుక, సామాన్యంగా ఇటువంటి పూరణలను నేను మెచ్చుకోను. కాని ఈ పద్యంలో "కసరక" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంట్లో ఒంటరిగా వదిలి వచ్చినందుకు పిల్లి తనను కసరవలసి ఉన్నదని యజమాని మనసులో ఉండబట్టే, కలలో అది కసరకపోవడం ఒక విశేషంగా తోచింది. బండిలో నిద్ర పట్టకపోవడానికి కారణం కూడా అదేనని మొదటి పాదాన్ని మళ్ళీ చదివితే తెలుస్తుంది. ఇక్కడ కల ఉపాయం కాదు, విషయమే. మార్చదగినది ఏదీ లేదు.

మూడవ పూరణ

ఇల్లు చేరి చూడ నేమియు లేదాయె;
పొరుగు వదినతోడఁ బొక్కుచుంటి:
"పెరుగు, వెన్న, జున్ను, పిడికెడు మీఁగడ
పిల్లి పాలు!" కాచి పిలిచి పోసె.

విమర్శ: అమ్మా, విరుపు అద్భుతంగా కుదిరింది. పాలు అంటే క్షీరమే కాదు, వాటా కూడా. నేలపాలు, పరులపాలు అని మనం రోజూ అనే మాటలలో ఉన్న పాలు ఇదే. పిల్లి పాలైనవాటి జాబితా మూడవ పాదమంతా పరచుకొని, నాలుగవ పాదం నడుమ ఆశ్చర్యార్థకంతో తెగి, ఆ వెంటనే వదినగారి దయలోకి మళ్ళింది. ఆమె కాచినది ఏమిటన్న ప్రశ్న వస్తుంది. పక్కనే వినిపించిన "పాలు" అన్న శబ్దమే రెండవ అర్థంలో మళ్ళీ వచ్చి ఆ ఖాళీని నింపుతుంది కనుక, దాన్ని నేను దోషమనను.

దోషమల్లా "పిడికెడు మీగడ". మీగడను పిడికిలితో కొలిచే ఇల్లు నేను చూడలేదు. అది యతి కోసం వచ్చి కూర్చున్న మాట అని ఎవరికైనా తెలిసిపోతుంది. "పేరిన మీగడ" అంటే పె-పే యతి చెల్లుతుంది, గణమూ చెల్లుతుంది. పైగా గిన్నె అంచున గట్టిపడిన ఆ పొరను పిల్లి నాలుకతో గీకి గీకి తిన్న దృశ్యం కళ్ళముందు నిలుస్తుంది.

నాలుగవ పూరణ

దొరలు లేని యింట దొంగ నేస్తములకు
అవ్వ నిదురపోవు నంతవఱకు
మూల నొదిగి కనులు మూసినట్లుగ నుండి
పిల్లి పాలు కాచి పిలిచి పోసె.

విమర్శ: ఆర్యా, ఈ పూరణ వచ్చిన తరువాత తక్కినవాటిని మళ్ళీ చదివాను. ఇందులో పాలు పాలే, పిల్లి పిల్లే, పోసినది కూడా పిల్లే. విభక్తి మార్చలేదు, పాదం విరవలేదు, కలను ఆశ్రయించలేదు. మారినదల్లా "కాచి" ఒక్కటే: పొయ్యి మీద కాచడం కాదు, కాపు కాయడం. అవ్వ కన్ను మూతపడేదాకా పాలగిన్నెను కాచి, కిటికీ అవతలి నేస్తాలను పిలిచి, గిన్నెను ఒరిగించి పోసింది. కాచడం, పిలవడం, పోయడం అనే మూడు క్రియలూ సమస్యలో ఉన్న వరుసలోనే జరిగాయి. "కుంజరయూథంబు దోమ కుత్తుకఁ జొచ్చెన్" (ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరింది) అన్న సమస్యకు, విరాటుని కొలువులో చేరిన పాండవులను చూపి తెనాలి రామకృష్ణుడు చెప్పినట్లుగా ప్రచారంలో ఉన్న పూరణలోనూ ఆ పాదం చెక్కుచెదరదు. దానికి ముందున్న మాటలే దోమను విరాటుణ్ణి చేస్తాయి. ఈ పద్యం పట్టుకున్నది కూడా ఆ పద్ధతినే.

"కనులు మూసినట్లుగ" అన్నచోట పిల్లిని దగ్గరగా చూసిన కన్ను ఉంది. మూలన ముడుచుకొని రెప్పలు వాల్చిన పిల్లి చెవులను గమనించండి. ముఖం కదలదు, శరీరం కదలదు, చెవి ఒక్కటి మాత్రం చప్పుడు వచ్చిన దిక్కుకు తిరుగుతుంది. ఎలుకలు చేసే, మనిషి చెవికి అందనంత సన్నని కూతలను సైతం వినగలిగిన ఆ చెవికి అవ్వ గురక ఒక లెక్కా!

రెండవ పాదాన్ని విసంధిగా "అవ్వ" అని మొదలుపెట్టడాన్ని కొందరు ఆక్షేపించవచ్చు. సంధి చేసి "నవ్వ" అని వ్రాస్తే చదివేవారు నవ్వు అనుకొని తడబడతారు. పాదం మొదట విసంధిని నేను మన్నిస్తాను.

అయిదవ పూరణ (ఇది నా మొదటి పద్యం, తప్పులుంటే మన్నించి దిద్దగలరు.)

తెరలు చింపె; మెత్త దిండులు చీల్చెను;
కుర్చి కాళ్ళు గీరె; పూల కుండ;
అలసి సొలసి తుదకు నాకలి గొని యేడ్వ
పిల్లి పాలు కాచి పిలిచి పోసె.

విమర్శ: నాయనా, మొదటి పద్యమంటే నమ్మబుద్ధి కావడం లేదు. గణాలన్నీ సరిగ్గా పడ్డాయి. పృచ్ఛకులు చెప్పిన అల్లరిని తు.చ. తప్పకుండా ఎక్కించినవారు మీరొక్కరే. దిద్దవలసినవి మూడు. రెండవ పాదంలో "కు"కు "పూ"తో యతి కుదరదు. అదే పాదంలో పూలకుండ ఏమయిందో చెప్పే క్రియ లేదు. అన్నిటికన్నా పెద్దది, పాలు పోసినది ఎవరో పద్యంలో ఎక్కడా లేదు; ఏడ్చిన పిల్లే కాచి పోసిందా అన్న సందేహం మిగిలింది. "గుండఁ ద్రోసె" అంటే మొదటి రెండు లోపాలూ ఒక్క దెబ్బతో పోతాయి. మూడవ పాదాన్ని మీరే ఆలోచించండి.

కుర్చీ కాళ్ళు గీరడాన్ని కేవలం అల్లరి కింద జమకట్టడం పిల్లికి అన్యాయమే. గోటి మీది పాత పొరను వదిలించుకోవడానికీ, అరికాళ్ళ వాసనను అక్కడ అంటించి ఇది నా చోటు అని చాటడానికీ పిల్లి గీరుతుంది. యజమాని లేనప్పుడు ఆ చాటింపు మరికొంత గట్టిగా వినిపించినా ఆశ్చర్యపడనక్కరలేదు.

అందరికీ ఒక మాట. అయిదు పూరణలలోనూ పాలు దండిగా పారాయి. నిజానికి తల్లిపాలు మానిన తరువాత చాలా పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది, కడుపు పాడవుతుంది. అవ్వగారు పద్యంలో ఎన్ని పాలు పోసినా ఇబ్బంది లేదు. ఇంట్లో మాత్రం గిన్నెలో నీళ్ళే ఉండాలి. అన్నట్లు "కాచు" అంటే క్షమించడం కూడా. తప్పు కాచి అంటాం కదా. ఆ అర్థాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అయిదవ పూరణ, సవరణతో

తెరలు చింపె; మెత్త దిండులు చీల్చెను;
కుర్చి కాళ్ళు గీరెఁ; గుండఁ ద్రోసె;
అలుక మాని యవ్వ యాకలి గొన్న యా
పిల్లి పాలు కాచి పిలిచి పోసె.

విమర్శ: యతి కుదిరింది, కర్త వచ్చాడు, కాదు, వచ్చింది. "అలుక మాని" అనడంతో మొదటి రెండు పాదాల అల్లరికి అవ్వ ఎంత ఓర్చుకున్నదో కూడా తెలిసింది. త్రోసిన కుండ పగిలిందా, దొర్లి ఊరుకుందా అన్నది మాత్రం పద్యం చెప్పలేదు.

పృచ్ఛకుని మాట: పగిలిందండీ. ఈ ఉదయమే ఇల్లు చేరాను. మట్టి ఇంకా గుమ్మం దగ్గరే ఉంది, పిల్లి దాని మీదే పడుకొని ఉంది.