వర్డ్‌ప్రెస్‌లో థంబ్‌నెయిల్ సైజు మార్చాను, పాత ఫొటోలు మారడం లేదు

మగ్గం_పక్కిల్లు:
మా ఇంట్లో నేసే మంగళగిరి చీరలకు వర్డ్‌ప్రెస్‌లో సైట్ పెట్టాను. అన్నీ నిలువుగా తీసిన ఫొటోలు. లిస్టు పేజీలో మాత్రం చదరంగా కోసి చూపిస్తోంది, కింద అంచు పోతోంది. నిజాం అంచు కనపడకపోతే చీర ఎవరు కొంటారండీ? సెట్టింగ్స్‌లో మీడియాకు వెళ్లి థంబ్‌నెయిల్ (ఫొటోకు చిన్న నమూనా బొమ్మ) సైజు 150 బై 150 తీసేసి 300 బై 400 ఇచ్చాను. సేవ్ అయింది కానీ ఫొటోలు అలాగే ఉన్నాయి. మూడు వందల ఫొటోలు మళ్లీ ఎక్కించాలా అని టెన్షన్‌గా ఉంది.

పాతసైట్ల_రిపేరు:
వద్దండీ, మళ్లీ ఎక్కించకండి. ఆ మార్పు ఇకమీదట ఎక్కించే వాటికే వర్తిస్తుంది. ఫొటో ఎక్కించినప్పుడే వర్డ్‌ప్రెస్ అన్ని సైజులూ కోసి విడివిడి ఫైళ్లుగా పెట్టేస్తుంది. రీజనరేట్ థంబ్‌నెయిల్స్ అనే ప్లగిన్ (సైట్‌కు అదనంగా జోడించే ప్రోగ్రామ్) వేసుకోండి. అసలు ఫొటో నుంచే మళ్లీ కోస్తుంది. ముందు బ్యాకప్ తీసుకుని, ఒక్క ఫొటో మీద చేసి చూడండి.

మగ్గం_పక్కిల్లు:
చేశానండీ. మీడియా లైబ్రరీలో మారాయి. లిస్టు పేజీలో ఏ తేడా లేదు.

థీమ్_విప్పి_చూద్దాం:
లిస్టులోని ఒక బొమ్మను కొత్త ట్యాబ్‌లో తెరవండి. ఫైల్ పేరు చివర ఏ అంకెలు ఉన్నాయి?

మగ్గం_పక్కిల్లు:
400, 400.

థీమ్_విప్పి_చూద్దాం:
అదన్నమాట. మీ థీమ్ (సైట్ రూపాన్ని నిర్ణయించే ఫైళ్లు) తనకంటూ వేరే సైజు పెట్టుకుంది. మీడియా సెట్టింగ్ దాని జోలికి పోదు. చైల్డ్ థీమ్ (మెయిన్ థీమ్‌ను ముట్టుకోకుండా మన మార్పులు పెట్టుకునే థీమ్) ఫంక్షన్స్ ఫైల్లో యాడ్ ఇమేజ్ సైజ్ అనే కోడ్ లైను రాసి, థీమ్ వాడిన పేరే ఇచ్చి 600, 800 పెట్టండి. ఫోన్ ఫొటోలు ఎక్కువగా 3:4 నిష్పత్తిలోనే ఉంటాయి కాబట్టి ఏమీ తెగదు. చదరమే కావాలంటే ఆ లైను చివర ట్రూ (కొలతకు సరిగ్గా కోయమని చెప్పే మాట) బదులు సెంటర్, బాటమ్ అని అర్రే (జాబితా) ఇవ్వండి, కోత పైనుంచి పడుతుంది, అంచు మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త. చైల్డ్ థీమ్ ఫంక్షన్స్ ఫైల్ ముందు నడుస్తుంది, మెయిన్ థీమ్‌ది తర్వాత. అందుకే ఆ లైనును ఆఫ్టర్ సెటప్ థీమ్ హుక్‌కు (మన కోడ్ ఎప్పుడు నడవాలో చెప్పే చోటు) తగిలించి ప్రయారిటీ 20 ఇవ్వండి, అంకె పెద్దదైతే తర్వాత నడుస్తుంది. మామూలుగా ఉండే 10 వదిలేస్తే మీరు రాసినదాని మీద థీమ్ మళ్లీ తనది రాసేస్తుంది. నాకు ఇది తెలియడానికి ఒక రాత్రంతా పట్టింది.

వార్తల_డెస్క్:
ఇది చదివేవాళ్లు ప్లగిన్ బదులు కమాండ్ లైన్‌లో (ఆదేశాలు టైప్ చేసి) రీజనరేట్ నడిపితే, పాత ఫైళ్లు తుడవొద్దని చెప్పే స్కిప్ డిలీట్ ఆప్షన్ మర్చిపోవద్దు. నేను మర్చిపోయాను. పాత సైజు ఫైళ్లు తుడుచుకుపోయాయి. పాత పోస్టుల్లో లింకులు వాటికే ఉండేవి, బొమ్మల చోట ఖాళీ డబ్బాలు మిగిలాయి. బ్యాకప్ ఉండబట్టి బయటపడ్డాను.

పాతసైట్ల_రిపేరు:
నిజం. హోస్టింగ్‌లో స్థలం కూడా చూసుకోండి. 5.3 వెర్షన్ నుంచి పెద్ద ఫొటోలకు 1536, 2048 సైజులూ తయారవుతున్నాయి. 2560 పిక్సెళ్లు దాటితే స్కేల్డ్ అని ఇంకో కాపీ. థీమ్ సైజులు వీటికి అదనం.

మగ్గం_పక్కిల్లు:
అయిందండీ! ప్రయారిటీ 20 ఇచ్చి, మళ్లీ రీజనరేట్ చేసి, కాష్ (దాచి ఉంచిన పాత కాపీలు) ఖాళీ చేశాను. నీలం చీరకు జరీ అంచు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనపడుతోంది. అమ్మకు చూపించాను, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. పదకొండు ఫొటోలు మాత్రం ఇంకా పొట్టిగానే ఉన్నాయి, ఎందుకు?

థీమ్_విప్పి_చూద్దాం:
చాలా సంతోషం. వాటి అసలు ఫైల్ 600 కంటే చిన్నదేమో చూడండి. చిన్న ఫొటోను వర్డ్‌ప్రెస్ సాగదీయదు.

మగ్గం_పక్కిల్లు:
అవునండీ, స్క్రీన్‌షాట్ తీసి కత్తిరించినవి. రేపు పొద్దున ఎండ ముదరకముందే అరుగు మీద పరిచి మళ్లీ తీస్తాను.