పది గేర్ల ట్రక్కు: పైకి వేస్తే పడుతోంది, దించితే గరగర. తప్పెక్కడ?

కొత్తస్టీరింగ్:
సింక్రో (గేర్ల వేగాలను తనంతట తానే కలిపే ఏర్పాటు) లేని పది గేర్ల ట్రక్కు మీద నేర్చుకుంటున్నాను. కింద అయిదు, రాడ్డు మీద బటన్ లేపితే పైన అయిదు. పైకి వేసుకుంటూ పోవడం పర్లేదు. దించేటప్పుడే చిక్కు. తొమ్మిది నుంచి ఎనిమిదికి తెస్తే గరగరమంటుంది తప్ప లోపలికి పోదు, బలంగా నెడితే ఇంకా అరుస్తుంది. ఒక్కోసారి ఏ గేరూ పడక బండి న్యూట్రల్లోనే పోతూ ఉంటుంది. డబుల్ క్లచ్ కొడుతున్నాను (న్యూట్రల్‌కి తేవడానికోసారి, గేరు వేయడానికోసారి), రెండుసార్లూ పెడల్ అడుగు దాకా తొక్కుతున్నాను. ఏం మార్చుకోవాలి?

పాతగేరురాడ్డు:
తమ్ముడూ, ముందు ఆ అడుగు దాకా తొక్కడం మానెయ్. ఇలాంటి బండ్లలో పెడల్ చివరి అంగుళంలో క్లచ్ బ్రేక్ పట్టుకుంటుంది. గేరుబాక్సులోకి వచ్చే షాఫ్టును ఆపడమే దాని పని. బండి నిలబడి ఉన్నప్పుడు ఒకటో గేరో రివర్సో వేయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. నువ్వు న్యూట్రల్లో రేస్ ఇచ్చి షాఫ్టు వేగం పెంచుతున్నావు, రెండో తొక్కుడుతో నువ్వే దాన్ని పట్టి ఆపుతున్నావు. ఇక గేరెలా పడుతుంది? పైగా నడుస్తున్న బండిలో అలా తొక్కితే క్లచ్ బ్రేక్ చెవులు విరుగుతాయి. రెండు మూడు అంగుళాలు చాలు.

ఇక లెక్క. పది గేర్ల బాక్సుల్లో చాలావాటికి గేరుకీ గేరుకీ తేడా సుమారు 35 శాతం. అంటే ఎనిమిదిలో 1500 ఆర్‌పీఎం మీద బండి ఎంత వేగంతో పోతుందో, తొమ్మిదిలో అదే వేగానికి 1100 చూపిస్తుంది. పైకి వేసేటప్పుడు ఈ 400 తగ్గుదల కాలు తీస్తే దానంతటదే వస్తుంది, అందుకే నీకు పైకి సులువుగా ఉంది. దించేటప్పుడు ఆ 400 నువ్వే ఇవ్వాలి.

తొమ్మిది నుంచి ఎనిమిదికి ఇలా: వేగం తగ్గించి 1100కి రానివ్వు. రేస్ వదులుతూ క్లచ్ కాస్త తొక్కి రాడ్డు న్యూట్రల్‌కి తే. క్లచ్ పూర్తిగా వదులు. ఇక్కడ వదలకపోతే నువ్విచ్చే రేస్ షాఫ్టుకు అందదు, చాలామంది తప్పేది ఇక్కడే. ఇప్పుడు రేస్ ఇచ్చి ముల్లు 1500 దాటనిచ్చి, అది తిరిగి దిగుతుండగా మళ్లీ కాస్త క్లచ్, రాడ్డు ఎనిమిదిలోకి. రెండు వేళ్లతో పట్టుకున్నా పడాలి. రాడ్డు చేతిలో జివ్వుమని వణికితే లెక్క కలవలేదని అర్థం. నెట్టకు, మళ్లీ న్యూట్రల్‌కి తెచ్చి ఇంకోసారి రేస్ ఇవ్వు.

లోడుబండి:
పై లెక్క చదును రోడ్డుకి. ఎత్తు ఎక్కేటప్పుడు న్యూట్రల్లో ఉన్న ఆ సెకనులోనే బండి వేగం పడిపోతుంది, కాబట్టి 400 అక్కర్లేదు, 300 చాలు. లోడుతో ఎక్కుతుంటే 1100 దాకా ఆగొద్దు, 1250–1300 దగ్గరే దించేయండి. ఆలస్యమైతే ఎనిమిది పడేసరికి బండి ఏడుకి తగ్గ వేగానికి వచ్చేస్తుంది.

దిగుడులో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. న్యూట్రల్లోకి వెళ్లగానే బండి వేగం అందుకుంటుంది, క్షణక్షణానికీ ఎక్కువ రేస్ కావాలి, మీరు ఎంత ఇచ్చినా అది ఇంకా పైకే పోతుంది. అందుకే దిగుడు మొదలవకముందే, పైనే గేరు దించుకోవాలి. మధ్యలో గేరు ప్రయత్నాలు వద్దు. ఒకవేళ న్యూట్రల్లో ఇరుక్కుపోతే గేరు వెతుక్కుంటూ కూర్చోకుండా గట్టిగా బ్రేక్ వేసి బండి ఆపి, చిన్న గేరులో మళ్లీ కదలాలి.

చదును మీద ఇరుక్కుంటే భయం లేదు. స్పీడోమీటర్ చూసి ఆ వేగానికి తగ్గ గేరు వేసుకోవడమే. దానికి మీ బండి పట్టీ మీ దగ్గర ఉండాలి. ఒక్కో గేరులో 1100 దగ్గర ఎంత వేగం, 1500 దగ్గర ఎంత అని చీటీ రాసి డ్యాష్‌బోర్డుకి అంటించండి. మాటకి, ఎనిమిదిలో 1500కి 45 కిలోమీటర్లు వస్తే, తొమ్మిదిలో 1500కి 60 దగ్గర ఉంటుంది. పక్క బండి చీటీ మీకు పనికిరాదు, యాక్సిల్, టైర్లు మారితే లెక్క మారుతుంది.

కొత్తస్టీరింగ్:
అడుగు దాకా తొక్కడం మానాను, తొమ్మిది–ఎనిమిది, ఎనిమిది–ఏడు పడుతున్నాయి. ఆరు నుంచి అయిదుకే ఇంకా తేడా కొడుతోంది. రాడ్డు న్యూట్రల్‌కి తెచ్చాక బటన్ దించుతున్నాను.

పాతగేరురాడ్డు:
బటన్ ముందే దించాలి. ఆరులో ఉండగానే దించి పెట్టు, ఏమీ కాదు. రాడ్డు న్యూట్రల్‌కి వచ్చినప్పుడే గాలి ప్రెషర్ లోపలి రేంజి గేరును (కింది అయిదు, పై అయిదు మార్చేది) మారుస్తుంది. బండి నడుస్తుండగా న్యూట్రల్లో బటన్ కదిపితే రేంజి సింక్రో అరుగుతుంది (ముందు బాక్సులోని అయిదు గేర్లకు సింక్రో లేకపోయినా, వెనక రేంజికి ఉంటుంది). పైకి వేసేటప్పుడూ అంతే, అయిదులో ఉండగానే లేపు. గాలి ప్రెషర్ తక్కువుంటే రేంజి అసలు మారదు, పొద్దున్నే గేజీ చూసుకుని కదులు.

బోల్టునట్టు:
ఇంకో రెండు చూసుకోండి. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారి మూసి ఇంజన్‌ను నెమ్మదింపజేసేది) స్విచ్ ఆన్‌లో వదిలేస్తే, రేస్ నుంచి కాలు తీయగానే ఆర్‌పీఎం దబ్బున పడిపోతుంది. దించేటప్పుడు మీరిచ్చిన రేస్ రాడ్డు అందుకునేలోపే పోతుంది. గేరు మార్చే ముందు ఆపేయండి.

రెండోది, నిలబడి ఉన్న బండిలో పెడల్ అడుగు దాకా తొక్కి ఒకటో గేరు వేసినా గరగరమంటే అది మీ తప్పు కాదు, చాలావరకు క్లచ్ ఇంజన్ నుంచి పూర్తిగా విడిపోవడం లేదని. పెడల్ ఫ్రీప్లే (క్లచ్ పని మొదలయ్యేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం) కొలవండి, సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు ఉండాలి. అదే గరగర లేకుండా రాడ్డు కేవలం అడ్డుపడి ఆగితే పళ్లకు పళ్లు ఎదురయ్యాయన్నమాట. రాడ్డును ఒకటో గేరు వైపు మెల్లగా ఆనించి ఉంచి, క్లచ్‌ను వెంట్రుకవాసి వదలండి. షాఫ్టు అరపన్ను తిరగగానే గేరు దానంతటదే పడుతుంది. పడ్డాక మాత్రం మళ్లీ క్లచ్ తొక్కే ఉంచండి, లేదంటే బండి ముందుకి దూకుతుంది.