ఎంత శాతం రాశామో పాఠకులకు చూపించాలా? దెబ్బతిన్నవాళ్ళు చెప్పండి

నీలికోట:
మూడో పుస్తకం రాస్తున్నానని ఇక్కడ చాలామందికి తెలుసు. మొదలుపెట్టిన రోజే నా పేజీలో పైన ఒక ప్రోగ్రెస్ బార్ పెట్టాను, నలుగురికీ కనిపిస్తుంటే సిగ్గుపడైనా రాస్తానని. లక్ష్యం 90,000 మాటలు. ప్రతి ఆదివారం రాత్రి ఎంతయిందో మార్చేదాన్ని, రెండు శాతం పెరిగినా గుండె బొమ్మలు వచ్చిపడేవి, బాగానే ఉండేది. అలా 62 దాకా వచ్చాను.

తర్వాత ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే వెలిగింది. శాపం వల్ల పోయిన జ్ఞాపకం కథానాయకుడికి 11వ అధ్యాయంలోనే తిరిగొచ్చేస్తోంది. ఆమె ఎవరో గుర్తొచ్చాక ఇంకా దేనికి అనుమానిస్తాడు? అంటే 12 నుంచి 19 దాకా నేను రాసిన అపార్థాలన్నీ, బురుజు మీద గొడవతో సహా, ఉత్తివే. ఒక్క మాట అడిగితే తేలిపోయే గొడవకి ఎనిమిది అధ్యాయాలు! (స్పాయిలర్ అని తిట్టకండి, ఆ భాగం ఎలాగూ పోయింది.) తడి చొక్కా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ రాత్రే 18,000 మాటలు తీసేశాను. లెక్క ప్రకారం బార్ 42కి దిగాలి.

ఐదు వారాలైంది, దించలేదు. మొన్న ఒకమ్మాయి "అక్కా, 62 దగ్గరే ఆగిపోయింది, ఒంట్లో బాగుందా" అని మెసేజ్ పెట్టింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

పగలు ఉద్యోగం, సాయంత్రం పాప హోంవర్కు, నాకు దొరికేది రాత్రి పదిన్నర నుంచి పన్నెండు. అందులో అరగంట ఇప్పుడు ఆ బార్ చూసి టెన్షన్ పడటానికే పోతోంది. వెనక్కి దించాలా, పీకేయాలా, మళ్ళీ 62 చేరేదాకా నోరు మెదపకుండా ఉండాలా?

సగంకథ:
నేను దించాను. 70 నుంచి 55కి. ప్రపంచం తలకిందులవుతుందనుకున్నా, తీరా చూస్తే ముగ్గురు తిట్టారు, అందులో ఒకాయన నా రెండో పుస్తకం అసలు చదవనే లేదని మాటల్లో తేలింది. మిగతావాళ్ళు "సరే" అన్నారు, అంతే.

కానీ నాకు అర్థమైంది వేరే సంగతి. శాతం అనేదే మనకి పనికిరాదు, ఎందుకంటే కింద వేసే అంకె మనం ఊహించి పెట్టుకున్నది. 90,000 అని ఎవరు చెప్పారు మీకు? నేను 80 వేలు అనుకున్న కథ 1,12,000 దగ్గర ఆగింది, చివరి నెలంతా నా బార్ 100 చూపిస్తుంటే నేను మాత్రం రాస్తూనే ఉన్నాను, "అయిపోయింది కదా, ఇంకా ఇవ్వరేం" అని జనం. ఇప్పుడు ఏ దశలో ఉందో అదొక్కటే చెప్తున్నా. మొదటి డ్రాఫ్టు, తిరగరాత, బీటా పాఠకుల (అచ్చుకి ముందే చదివి అభిప్రాయం చెప్పేవాళ్ళు) దగ్గర, ఎడిటర్ దగ్గర. దశ వెనక్కి వెళ్ళడం తక్కువ. వెళ్ళదని కాదు.

లెక్కలపిచ్చి:
నా పేరు చూశారుగా, నేను లెక్క పక్షమే. కానీ ఆ లెక్క నా డ్రాయర్లో ఉండాలి, గోడ మీద కాదు.

ఆంథొనీ ట్రాలప్ అని 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు, తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే పొద్దున్న అయిదున్నరకల్లా బల్ల ముందు కూర్చునేవాడు, ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకి 250 మాటలు చొప్పున రాసేవాడు, రోజుకి ఎన్ని పేజీలయ్యాయో ఒక డైరీలో ఎక్కించుకునేవాడు. ఇదంతా తనే ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన పోయాక 1883లో అది అచ్చయితే, ఇది సాహిత్యమా గుమాస్తా పనా అని ఆయన మీద చిన్నచూపు మొదలైంది. నవలలు మాత్రం అవే నవలలు, అక్షరం మారలేదు.

ఇంకో మాట. మనవాళ్ళు చాలామంది నానోరైమో లెక్క పట్టుకుని కూర్చుంటారు, నవంబర్ 30 రోజుల్లో 50,000 మాటలు, అంటే రోజుకి 1,667. 1999లో మొదలైన ఆ పోటీ నడిపిన సంస్థ 2025లో మూతపడింది గానీ ఆ 1,667 మాత్రం జనాన్ని వదల్లేదు. అది ఇంగ్లీషు మాటల లెక్క బాబూ. "చెప్పకపోయినా" అనేది మనకి ఒక్క మాట, వాళ్ళకి నాలుగైదు. "ఇంట్లోంచి" కూడా అంతే. విభక్తులన్నీ మాటకే అతుక్కుపోయే భాషలో వెయ్యి మాటలు రాస్తే వాళ్ళ వెయ్యి కంటే చాలా ఎక్కువ కథ నడిచినట్టు. ఈ సంగతి తెలియక నేను రెండేళ్ళు బద్ధకస్తుణ్ణని నన్ను నేనే తిట్టుకున్నాను. 90,000 తెలుగు మాటలంటే చిన్న పుస్తకం కాదు నీలికోట గారూ, ఎవరితో పోల్చుకుని పెట్టారు ఆ అంకె?

నీలికోట:
ఏదో ఇంగ్లీషు వ్యాసంలో ఫాంటసీ అంటే 90 వేలకు తగ్గకూడదని చదివి పెట్టాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఎదురుచూపు:
నేను రాసేదాన్ని కాదు, చదివేదాన్ని. (రాశాను ఒకటి, చివర్లో చెప్తా.) పాఠకుల వైపు నుంచి ఒక మాట.

మాకు శాతంతో పనిలేదండీ. మా భయం వేరే. ఎన్ని సిరీస్‌లు మధ్యలో వదిలేసినవి చూశాం! రెండో పుస్తకం చివర ఆమెని చెరలో పడేసి, అతన్ని ఆమె మొహం కూడా గుర్తులేనంత దూరం పంపేసి, మీరు మాయమైతే మేమేం కావాలి? బార్ కదిలితే మనిషి ఉన్నారని గుర్తు, అంతే. కదలకపోతే ఏమైందోనని కంగారు. ఆ అమ్మాయి ఒంట్లో బాగుందా అని అడిగింది గానీ పుస్తకం ఎప్పుడు అని అడగలేదు చూడండి.

ఫ్యాన్‌ఫిక్, అంటే నచ్చిన పుస్తకాల పాత్రలతో అభిమానులే అల్లే కథలు, రాసేవాళ్ళు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే వాళ్ళ సైటులో నడుస్తున్న కథ పక్కన అధ్యాయాలు 6/? అని ఉంటుంది. రాసేవాళ్ళకే ఎన్నవుతాయో తెలియనప్పుడు కింద ప్రశ్నార్థకం. ఎంత నిజాయితీ! స్వచ్ఛందంగా నడిపే ఆ సైటుకి 2019లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చిందంటే ఊరికే రాలేదు. అక్కడ "ఇంకా నడుస్తోంది" అని తెలిసే మొదలుపెడతాం కాబట్టి ఆగిపోయినా తిట్టుకోం, ఏడుస్తాం అంతే.

నా సంగతి: నేను కూడా ఇదివరకు రచయితలకి వారానికోసారి "ఎప్పుడండీ" అని పెట్టేదాన్ని. తర్వాత మీ మంత్రగత్తె చెల్లెలి మీదే ఒక ఫ్యాన్‌ఫిక్ మొదలుపెట్టి ఆరో అధ్యాయం దగ్గర ఎనిమిది నెలలు ఆగిపోయాను. ఆ తర్వాత ఎవరినీ ఎప్పుడని అడగలేదు. ప్రస్తుతం మీ రెండో పుస్తకం మళ్ళీ చదువుతున్నా, సగం దాటాను.

నీలికోట:
చెల్లెలి మీదా!! లింకు మాత్రం ఇవ్వకండి, ప్లీజ్. చదవాలని చచ్చేంత ఉంది, కానీ చదివితే రేపు నా కథలో ఆ పోలిక ఒక్కటి వచ్చినా మీకూ నాకూ ఇబ్బంది. సిరీస్ అయ్యాక చదువుతా, ఒట్టు.

రెండోహీరో_జిందాబాద్:
బార్ నయం. ముక్కలు చూపించేవాళ్ళ గతి మీకు తెలీదు. నేను ఒకసారి రాస్తున్న అధ్యాయంలోంచి ఒకే ఒక్క వాక్యం పెట్టాను, "అతను కత్తి దించాడు" అని. అతను అంటే ఎవరు? చెప్పలేదు. అంతే, మొదటి హీరో అని సగం మంది, రెండో హీరో అని సగం మంది, కామెంట్లలో కొట్టుకున్నారు, ఒకావిడ కత్తి పిడి రంగు మీద ఏకంగా వ్యాసం రాసింది. ఇద్దరు పాత స్నేహితురాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. అసలు మనుషులు కాదు, నేను ఊహించిన వాళ్ళ కోసం!

తమాషా ఏంటంటే ఎడిటింగ్‌లో ఆ సీనే ఎగిరిపోయింది. పుస్తకం వచ్చాక అందరూ అడిగింది ఒకటే, కత్తి ఎక్కడ. ఇంకా అడుగుతున్నారు.

దీనికంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. అసలు ద్రోహి ఎవరో ఒక పాఠకుడు ముందే కనిపెట్టేశాడు. నాకు రోషం వచ్చి ద్రోహిని మార్చేశాను. కథ చెడిపోయింది. మొదటి నుంచీ వేసుకొచ్చిన ఆనవాళ్ళన్నీ పాతవాడి వైపే చూపిస్తున్నాయి, కొత్తవాడు ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు ఉన్నాడు. కనిపెట్టాడంటే నేను సరిగ్గా రాశానని అర్థం, ఆ మాట అప్పుడు తట్టలేదు. కాబట్టి రాస్తున్నప్పుడు థియరీల జోలికి పోకండి, ఫ్యాన్ ఆర్ట్ చూసుకోండి, మురిసిపోండి, బయటికొచ్చేయండి.

ముక్కుసూటి:
అందరూ ఓదారుస్తున్నారు కాబట్టి నేను వేరేది అడుగుతా. ప్రీఆర్డర్ పెట్టారా? తేదీ ప్రకటించారా? డబ్బులు తీసుకున్నారా? తీసుకుంటే అది బాకీ, ఆలస్యం అవుతుందని రేపే చెప్పాలి. తీసుకోకపోతే మీరెవరికీ బాకీ లేరు, ఈ చర్చే అనవసరం.

నీలికోట:
ఏదీ లేదు. తేదీ కూడా చెప్పలేదు. కానీ అనవసరం అంటే ఒప్పుకోను, బాకీ లేకపోయినా మొహమాటం ఉంటుంది.

ముక్కుసూటి:
మొహమాటంతో ఐదు వారాలు 62 అని అబద్ధం చెప్తున్నారు మరి.

నీలికోట:
...సరే. అదీ నిజమే.

మణికట్టు:
శాతాల గోల వదిలేసి ఒకటి చెప్పనా, 18,000 మాటలు తిరిగి రాయాలంటే చేతులు ఉండాలి. నేను పోయినసారి వెనకబడ్డానన్న కంగారులో రాత్రికి నాలుగు వేలు లాగించి, కుడిచేతి బొటనవేలు నుంచి మధ్యవేలు దాకా తిమ్మిరెక్కి మూడు నెలలు కూర్చున్నాను. డాక్టరు చెప్పింది కార్పల్ టన్నెల్, మణికట్టు దగ్గర నరం నలగడం. రాత్రిపూట పట్టీ, టైపు చేసేటప్పుడు మణికట్టు పైకి వంచకుండా తిన్నగా ఉంచడం, మధ్యలో ఆపడం. తిమ్మిరి మొదలైనప్పుడే చూపించుకోండి, నాలాగా పుస్తకం అయ్యాక అనుకోకండి.

ఆ మూడు నెలలూ ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో లాక్కొచ్చాను. "మంత్రగత్తె నవ్వింది" అంటే "మంత్రి గట్టిగా నవ్వింది" అని పడేది. ఒకరోజు తలుపు వేసుకుని ముద్దు సీను చెప్తున్నా, గొంతు తగ్గించి, చాలా ఫీలై. "అతని శ్వాస ఆమె చెంపకి తగిలింది, కామా, ఆమె కళ్ళు మూసుకుంది, ఫుల్‌స్టాప్." బయటినుంచి మావాడు, తొమ్మిదేళ్ళు, "అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావ్, కామా ఎవరు?" అన్నాడు. ఆ సీను ఇప్పటికీ పుస్తకంలో ఉంది, చదివినప్పుడల్లా నాకు కామాయే వినిపిస్తాడు.

సగంకథ:
కామా మూడో హీరో.

రెండోహీరో_జిందాబాద్:
నేను కామా వైపు.

లెక్కలపిచ్చి:
మళ్ళీ విషయానికొస్తే, తీసేసిన 18 వేలు పారేయలేదు కదా? వేరే ఫైల్లో పెట్టండి. నా దగ్గర "స్మశానం" అని ఒక ఫోల్డర్ ఉంది, అందులోంచి ఇప్పటికి రెండు సీన్లు లేచొచ్చి వేరే కథల్లో చేరాయి. బురుజు మీద గొడవ కారణం మారిస్తే బతుకుతుందేమో చూడండి. ఇద్దరికీ నిజం తెలిసి కూడా గొడవపడితే అది ఇంకా బాగుంటుంది, అపార్థం మీద నిలబడ్డ గొడవలు పాఠకులకి చిరాకు.

నీలికోట:
ఇద్దరికీ తెలిసి... ఆగండి. అతనికి గుర్తొచ్చింది, ఆమెకీ అది తెలుసు, కానీ శాపం మళ్ళీ తగులుతుందని ఇద్దరూ తెలియనట్టు ఉండాలి. అప్పుడు బురుజు సీను ఉంచేయొచ్చు. సంభాషణ సగం మార్చాలి, అంతే. మీకు పుణ్యం ఉంటుంది.

(రెండు గంటల తర్వాత)
బార్ దించాను. 42. కింద ఇలా రాశాను: "ఎనిమిది అధ్యాయాలు తీసేశాను, అవి తప్పు. ఐదు వారాలుగా చెప్పకుండా ఉన్నాను, అదీ తప్పే. నేను బాగానే ఉన్నాను, రాస్తున్నాను." వచ్చే వారం నుంచి శాతం తీసేసి దశ పెడతానని కూడా చెప్పాను. ఇప్పటికైతే తిట్లు లేవు. ఆ అమ్మాయి "హమ్మయ్య" అని ఒక్క మాట పెట్టింది. 11వ అధ్యాయంలో అతనికి జ్ఞాపకం రావడం మాత్రం అలాగే ఉంచుతున్నా, ఆమె పాట విని గుర్తుపడతాడు.

ఎదురుచూపు:
చాలా సంతోషం అండీ. ఒక్కటి అడగొచ్చా, కోప్పడకూడదు. రెండో పుస్తకం మళ్ళీ చదువుతున్నానన్నాను కదా, ఇప్పుడే 31వ అధ్యాయం అయింది. అందులో ముసలి మంత్రగత్తె "ఉంగరం నీళ్ళలో పడ్డ రోజునే వాడి జ్ఞాపకం తిరిగొస్తుంది, వేరే దేనివల్లా రాదు" అంటుంది. పాట వల్ల వస్తే మరి ఉంగరం?

నీలికోట:
అలా అందా?

ఎదురుచూపు:
రెండుసార్లు అంది. రెండోసారి ఒట్టేసి మరీ.

నీలికోట:
ఉండండి, పుస్తకం తీస్తున్నా.

నీలికోట:
అంది.

సగంకథ:
బార్ దించుతారా?

నీలికోట:
ఇవాళ్టికి వద్దు. పన్నెండైంది, పడుకుంటా.