నెటెమ్‌లో 5% ప్యాకెట్ లాస్ పెట్టినా కాల్ బానే ఉంది, పీజీ వైఫైలో మాత్రం ముక్కలవుతోంది

మారతహళ్లి_పీజీ:
మినీనెట్-వైఫైలో (కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి వైఫై నెట్‌వర్క్ నడిపే టూల్) రెండు స్టేషన్లు (ఫోన్ లాంటి క్లయింట్లు), ఒక యాక్సెస్ పాయింట్ (రూటర్ లాంటిది) పెట్టి మా వాయిస్ కాల్ యాప్ టెస్ట్ చేస్తున్నా. స్టేషన్ మీద టీసీ నెటెమ్‌తో (కావాలని ప్యాకెట్లు పోగొట్టే, లేటు చేసే లినక్స్ టూల్) 5% లాస్ ఇచ్చినా కాల్ ఏమాత్రం చెదరట్లేదు. అదే యాప్ రాత్రి భోజనాలయ్యాక మా పీజీలో, అన్ని ఫ్లోర్ల వాళ్లూ ఒకేసారి ఫోన్లు పట్టుకుని కూర్చునే టైమ్‌లో వాడితే సగం మాటలు మింగేస్తోంది. తీరా పింగ్ చూస్తే అక్కడ 5% లాస్ కూడా లేదు! డెమో దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. శాతం పెంచుకుంటూ పోవాలా?

సిల్క్‌బోర్డు_సిగ్నల్:
శాతం పెంచి లాభం లేదు బ్రో. నువ్విచ్చిన 5% ప్రతి ప్యాకెట్‌కీ విడిగా పాచిక వేసినట్టు, అక్కడొకటి ఇక్కడొకటి పోతే కోడెక్ (మాటని డేటాగా మార్చి మళ్లీ మాటగా చేసేది) కప్పేస్తుంది. వరసగా పోతేనే చెవికి తెలుస్తుంది. గిల్బర్ట్ 1960లో, ఇలియట్ 1963లో చెప్పిన రెండు స్థితుల మోడల్ (మంచి స్థితిలో అన్నీ వెళ్తాయి, చెడు స్థితిలో అన్నీ పోతాయి) నెటెమ్‌లోనే ఉంది: 'లాస్ జీఈమోడల్ 1% 19%' అని ఇవ్వు. అంటే మంచి నుంచి చెడుకి మారే ఛాన్స్ 1%, చెడు నుంచి మంచికి 19%. సగటు అదే 5%, కానీ సుమారు ఐదేసి చొప్పున గుంపుగా పోతాయి. ఒక్కో ప్యాకెట్‌లో 20 మిల్లీసెకన్ల మాట ఉంటే ఒక్క దెబ్బకి 100 మిల్లీసెకన్ల మాట గాయబ్. లాస్ పక్కన కోరిలేషన్ (ముందు ప్యాకెట్‌తో ముడిపెట్టే శాతం) ఇచ్చే పాత పద్ధతి జోలికి మాత్రం పోకు, అది సరిగ్గా పనిచేయదని నెటెమ్ మాన్ పేజీలోనే (దాని మాన్యువల్) ఉంది.

వైట్‌ఫీల్డ్_బాబాయ్:
అదీ సగమే. వైఫైలో ఫ్రేమ్ (గాల్లో వెళ్లే ఒక్కో డేటా ముక్క) అందినట్టు అవతలి నుంచి జవాబు, అంటే అక్‌ రాకపోతే వైఫై కార్డే మళ్లీ మళ్లీ పంపుతుంది (రీట్రై), ప్రతిసారీ ఆగే టైమ్ పెంచుకుంటూ. అందుకే రద్దీలో జరిగేది పైన ఐపీకి (వైఫై మీద ప్యాకెట్లు నడిపే పొర) లాస్‌గా కాదు, లేటుగా కనపడుతుంది. లేటుగా వచ్చిన ప్యాకెట్‌ని జిట్టర్ బఫర్ (ప్యాకెట్లని కాసేపు ఆపి వరసగా వినిపించే యాప్ భాగం) పారేస్తుంది కాబట్టి నీ యాప్‌కి అది పోయినట్టే లెక్క. పీజీ పింగ్‌లో శాతం వదిలేసి టైములు ఎంత ఊగుతున్నాయో చూడు. నెటెమ్ ఈ రీట్రైలకి పైన కూర్చుని ప్యాకెట్ పారేస్తుంది, రేడియో సంగతి దానికి పట్టదు. లింక్‌ని డబ్ల్యూమీడియండీకి (మినీనెట్-వైఫైతో వాడే, రేడియో గాలిని అనుకరించే ప్రోగ్రాం) మార్చు, ఇంటర్‌ఫియరెన్స్ మోడ్‌లో. అది ఫ్రేమ్ స్థాయిలో సిగ్నల్ బలాన్ని బట్టి పోగొడుతుంది, రీట్రైలూ లెక్కలోకొస్తాయి.

మారతహళ్లి_పీజీ:
థాంక్యూ బాబాయ్. పీజీ పింగ్ ఇప్పుడే చూశా, 4 నుంచి 600 మిల్లీసెకన్ల దాకా ఊగుతోంది. డబ్ల్యూమీడియండీ సెట్ చేసేలోపు జీఈమోడల్‌తో నెట్టుకు రావచ్చా?

సిల్క్‌బోర్డు_సిగ్నల్:
రావచ్చు, డిలే కూడా కలుపు. ఒకటి గుర్తుంచుకో, జీఈమోడల్ స్థితి మార్చేది ప్యాకెట్‌కోసారి, టైమ్‌ని బట్టి కాదు. సెకనుకొక పింగ్ కొట్టి బర్స్ట్ (వరసగా ఎన్ని పోయాయో) కొలిస్తే వచ్చే లెక్క కాల్‌కి పనికిరాదు. పైగా నెటెమ్ బయటికెళ్లే ట్రాఫిక్ మీదే పనిచేస్తుంది, అవతలి గొంతు కూడా తెగాలంటే యాక్సెస్ పాయింట్ వైపూ పెట్టు.