బెజవాడలో రోజూ వెళ్ళే దారిలో మీ మనసు ఆగే చోటు ఏది?

ఏలూరు అమ్మాయి:
ఉద్యోగం కోసం ఏలూరు నుంచి వచ్చి సత్యనారాయణపురంలో ఉంటున్నాను. బీఆర్టీఎస్ రోడ్డు, ఆఫీసు, మళ్ళీ అదే రోడ్డు. ఆదివారం భవానీ ద్వీపం వెళ్ళు, కొండపల్లి వెళ్ళు అని అందరూ చెబుతారు. నేనడిగేది అది కాదండీ. మామూలు రోజున, పనికి వెళ్ళే దారిలోనే మీకు ఇష్టమైనది ఏమైనా ఉందా?

కృష్ణలంక పిన్ని:
ఉందమ్మా. బీసెంటు రోడ్డులో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. ఇంటి నుంచి రోజూ బందరు కాలువ దాటి నడిచే వెళ్తాను. ఆ వంతెన మీద కాసేపు నిలబడకపోతే నాకు పని మొదలుపెట్టబుద్ధి కాదు.

ఎండాకాలం కాలువ కట్టేస్తారు. అడుగున బురద, ప్లాస్టిక్, వాసన. అదీ అందమేనని నేను చెప్పను. తర్వాత ఒకరోజు పొద్దున్నే చూసేసరికి నీళ్ళు పారుతుంటాయి. ఆ రోజు వంతెన మీద నేనొక్కదాన్నే కాదు, ఇడ్లీ బండాయన, పిల్లల్ని స్కూల్లో దింపి వస్తున్న ఆటో అబ్బాయి, అందరూ పిట్టగోడకి ఆనుకుని కిందికి చూస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా "వదిలేశారండీ" అని పలకరిస్తారు. మనం ఊరికే దాటిపోయే ఆ నీళ్ళ కోసం బందరు దాకా నారుమళ్ళు ఎదురుచూస్తుంటాయి.

బ్యారేజీ దగ్గర బయల్దేరిన కాలువ ఊళ్ళోనే ఏలూరు, రైవస్, బందరు కాలువలుగా చీలుతుంది. 1855లో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగితే, 1957కల్లా ప్రకాశం బ్యారేజీ లేచింది. అప్పటికీ ఇప్పటికీ నీళ్ళదారి ఇదే. పైగా 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక గోదావరి నీళ్ళు కూడా కృష్ణలో కలుపుతున్నారు కదా, అలా వదిలిన ఏడాది వానాకాలంలో ఇక్కడ పారే ఎర్రనీళ్ళలో గోదావరి కూడా ఉంటుంది. లెక్కల పుస్తకం తెరిచేముందు అంత పెద్ద నదిని చూసి వస్తున్నానంటే నాకు ఎంత సంతోషమో!

పాత సత్యనారాయణపురం:
మీరు నడిచే బీఆర్టీఎస్ రోడ్డు ఒకప్పటి రైలుకట్టేనండీ. మా చిన్నప్పుడు గేటు పడితే సైకిళ్ళన్నీ ఆగిపోయేవి. ఇప్పుడు తెల్లవారుజామున నడకకి వచ్చే పెద్దవాళ్ళని చూడండి, రైలు సంగతులే మాట్లాడుకుంటుంటారు.

ఏలూరు అమ్మాయి:
పిన్నిగారూ, మా ఊళ్ళో ఆ ఏలూరు కాలువ పక్కనే పెరిగాను. ఈసారి నీళ్ళు వదలగానే ఇక్కడ రాయండి. ఏలూరుకి ఎప్పుడు అందాయో మా అమ్మని అడిగి చెబుతాను.

కృష్ణలంక పిన్ని:
తప్పకుండా రాస్తానమ్మా. మీ అమ్మగారు నీళ్ళ రంగు కూడా చూసి చెప్పాలి.