ముప్పై ఏళ్లు పనిచేసిన మనుషులకు ఒక వాట్సాప్ మెసేజ్ చాలా?

ఎర్రమట్టి
మన అనంతపురం ఫుట్‌బాల్ క్లబ్ సంగతి ఇది. పేరు రాయను, ఇక్కడి సభ్యుల్లో సగం మంది ఆ గ్రౌండ్‌లో ఆడినవాళ్లే. పోయిన సోమవారం రాత్రి క్లబ్ గ్రూపులో కమిటీ మెసేజ్ పెట్టింది. అరవై దాటిన సహాయక సిబ్బంది సేవలు ఈ నెలాఖరుతో ముగుస్తాయట, వార్షికోత్సవం రోజు సన్మానం చేస్తారట. మొత్తం మూడు లైన్లు. బంతులు, బట్టలు చూసుకునే కిట్ మామ, గ్రౌండ్‌లో గీతలు గీసే సున్నం తాత, దెబ్బలకు కట్లు కట్టే మాలిష్ భాయ్, ముగ్గురికీ విషయం తెలిసింది ఆ మెసేజ్‌తోనే. తాతకు స్మార్ట్‌ఫోన్ లేదు, మనవడు చదివి వినిపించాడు. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి అలవాటు కొద్దీ గ్రౌండ్‌కు పోతే స్టోర్ రూమ్‌కు కొత్త తాళం వేసి ఉంది.

నేను 2003 నుంచి 2009 దాకా ఆడాను. మన నేల ఎట్లాంటిదో తెలుసు కదా. వాన పడితే రెండు రోజులు మెత్తన, మిగతా ఏడాదంతా గులకరాళ్లు. తాత చీకట్లోనే వచ్చి పెనాల్టీ బాక్సులో రాళ్లు ఏరేవాడు. తర్వాత రెండు మేకులు దిగ్గొట్టి, పురికొస లాగి కట్టి, అడుగున బెజ్జాలు కొట్టిన డాల్డా డబ్బాలో సున్నం పోసుకుని, కొస పక్కనే డబ్బా తట్టుకుంటూ నడిచేవాడు. గీత కాస్త వంకర పోతే కాలితో చెరిపి మళ్లీ పోసేవాడు. సెంటర్ సర్కిల్ వ్యాసార్థం 9.15 మీటర్లని ఆయన ఎక్కడా చదవలేదు. తాడుకు ఒక ముడి వేసి పెట్టుకున్నాడు, అంతే. బయటి నుంచి వచ్చిన రిఫరీలు టేపు పెట్టి కొలిచినా ఆ ముడి తప్పలేదు. అట్లాంటి మనిషిని తాళం మార్చి పంపిస్తారా? ఆదివారం క్లబ్ మీటింగ్‌లో అర్జీ ఇవ్వబోతున్నాం.

గోల్‌పోస్టు
చాలా అన్యాయం. నా మొదటి గోల్ తాత గీసిన గీత మీదే.

గుత్తిరోడ్డు
ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెప్తా. కమిటీ చేసింది కరెక్టే. అరవై దాటితే ఎక్కడైనా రిటైర్ చేస్తారు. కొత్తగా డి లైసెన్స్ అనే కోచింగ్ సర్టిఫికెట్ ఉన్న కోచ్ వచ్చాడు, వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్ట్ వస్తోంది. పిల్లల కాళ్లూ చేతులూ చదువుకున్నవాళ్ల చేతిలో ఉండాలి. ప్రేమ వేరు, పని వేరు.

లెక్కల మాస్టారు
చిన్న సవరణ. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2022 నుంచి 62. కాబట్టి "ఎక్కడైనా అరవై" అనేది తప్పు.

గుత్తిరోడ్డు
మాస్టారూ, క్లబ్ ప్రభుత్వ ఆఫీసు కాదు.

లెక్కల మాస్టారు
కాదు కాబట్టే అరవై ఏ రూల్ ప్రకారమో చూపించాలి. బైలాలో వయసు పరిమితి లేదు. నా దగ్గర కాపీ ఉంది.

ఎర్రమట్టి
గుత్తిరోడ్డన్నా, పెద్ద క్లబ్బుల్లో ఏం జరిగిందో చూడు. 2013లో మేనేజర్ ఫెర్గూసన్ దిగిపోగానే ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యునైటెడ్‌కు మోయెస్ వచ్చాడు. వచ్చీ రాగానే పాత కోచ్‌లు ఫెలాన్‌ను, మ్యూలెన్‌స్టీన్‌ను, గోల్‌కీపర్ల కోచ్ ఎరిక్ స్టీల్‌ను పక్కన పెట్టి తన మనుషులను తెచ్చుకున్నాడు. ముందు ఏడాది ఛాంపియన్లు, ఆ ఏడాది ఏడో స్థానం. ఏప్రిల్ వచ్చేసరికి మోయెస్ ఉద్యోగం కూడా పోయింది.

దానికి ముందు లివర్‌పూల్ ఉంది. 1959 డిసెంబర్‌లో బిల్ షాంక్లీ చేరినప్పుడు ఆ జట్టు రెండో డివిజన్‌లో కొట్టుమిట్టాడుతోంది. కొత్త మేనేజర్ వస్తే తమ పని అయిపోయినట్టేనని పాత సిబ్బంది భయపడ్డారు. ఆయన ఒక్కరినీ తీసేయలేదు. బూట్లు దాచే చిన్న గదిలో వాళ్లతోనే కూర్చుని టీ తాగుతూ ఆట గురించి మాట్లాడుకునేవాడు. ఆ గదిలోంచే బాబ్ పైస్లీ వచ్చాడు. ఆటగాళ్ల కాళ్లకు కట్లు కట్టిన మనిషి 1974లో మేనేజరై, తొమ్మిదేళ్లలో మూడు యూరోపియన్ కప్పులు గెలిచాడు. మన భాయ్ చేసే పనీ అదే.

గుత్తిరోడ్డు
అదే పని కాదు. పైస్లీ ఫిజియోథెరపీ కరస్పాండెన్స్ కోర్సు చేశాడు. చదివి కట్టు కట్టాడు. మన భాయ్ ఏం చదివాడు?

ఎర్రమట్టి
ముప్పై ఏళ్ల అనుభవం కన్నా పెద్ద చదువేముంది?

గుత్తిరోడ్డు
ఉంది. పైస్లీ కోర్సు చేశాడు. దానికి జవాబు చెప్పు.

గోల్‌పోస్టు
1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకు కుట్లు వేయించుకుని ఫైనల్ ఆడి గోల్ కొట్టాడు. మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టు. గోల్డ్ తెచ్చారు. అప్పుడు ఏ ఫిజియో ఉన్నాడు?

కదిరి_నంబర్ 7
గోల్‌పోస్టు అన్నా, ఆ గోల్డ్ అంటే నాకూ గర్వమే. కానీ నేనిప్పుడు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నా. తలకు దెబ్బ తగిలి మగతగా ఉన్న పిల్లవాడిని మళ్లీ గ్రౌండ్‌లోకి పంపితే, రెండో దెబ్బకు ప్రాణమే పోవచ్చు. అనుమానం ఉంటే బయట కూర్చోబెట్టాలన్నదే ఇప్పటి పద్ధతి. 1962ను చూపించి ఇప్పటి పిల్లలను ఆడించొద్దు, దయచేసి.

ఇంకో మాట. అందరూ కిట్ మామను పొగుడుతున్నారు, నేనూ పొగుడుతా. బంతి కుట్టు ఊడితే మైనం రాసిన దారంతో, ఆరెతో, దీపం కింద కూర్చుని కుట్టేవాడు. మా అమ్మాయిల జట్టుకు బట్టలు మార్చుకునే గది లేదు. స్టోర్ రూమ్ ఖాళీ చేసి ఇచ్చి, మేం బయటికొచ్చేదాకా తలుపుకు వీపు పెట్టి నిలబడేవాడు. ఆ మనిషే మాకు ఐదేళ్లపాటు అబ్బాయిలు తొడిగి విడిచిన బిబ్బులే (ప్రాక్టీసులో జట్లను గుర్తుపట్టడానికి పైన వేసుకునే రంగు బనియన్లు) ఇచ్చాడు, చెమట వాసనతో. కొత్తవి ఎప్పుడూ ముందు వాళ్లకే. అడిగితే "మీరు ఎన్నాళ్లు ఆడతారమ్మా" అన్నాడు. నేను పన్నెండేళ్లు ఆడాను. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచలేను.

ఎర్రమట్టి
చెల్లెమ్మా, బిబ్బుల గొడవ ఇప్పుడు అవసరమా?

కదిరి_నంబర్ 7
మీకు అవసరం లేదేమో అన్నా. నాకు ఉంది.

లెక్కల మాస్టారు
అసలు విషయానికి రండి. డబ్బు మాటేమిటి? గ్రాట్యుటీ, అంటే సర్వీసు ముగిసినప్పుడు యజమాని ఇవ్వాల్సిన డబ్బు, దాని లెక్క ఇదీ: ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. కిట్ మామ జీతం 9,000, సర్వీసు 28 ఏళ్లు. 1,45,384 రూపాయలు వస్తుంది. సన్మానంలో ఇచ్చేది శాలువా, మెమెంటో, 5,000 కవరు.

గుత్తిరోడ్డు
వాళ్లకు ఇచ్చింది గౌరవ వేతనం, జీతం కాదు. వోచర్ల మీద అదే రాసి ఉంటుంది. క్లబ్బు దగ్గర అంత డబ్బు ఎక్కడుంది? పిల్లల బూట్లకే చందాలు అడుగుతున్నారు.

లెక్కల మాస్టారు
వోచర్ మీద ఏం రాసినా, రోజూ వేళకు రమ్మని, నెలనెలా డబ్బిచ్చి, 28 ఏళ్లు పని చేయించుకున్నాక అది ఉద్యోగం కాదని నిరూపించడం అంత సులభం కాదు. చూడాల్సింది ఒకటే, క్లబ్బులో పనివాళ్లు పదిమంది ఉన్నారా లేదా అని. ఒకసారి పదిమంది అయ్యాక, తర్వాత తగ్గినా గ్రాట్యుటీ చట్టం వర్తిస్తూనే ఉంటుంది. నాకు తెలిసి 2010 ప్రాంతంలో వాచ్‌మన్‌తో, ఇద్దరు ఆయాలతో కలిపి పదకొండు మంది ఉండేవారు.

టవర్ క్లాక్
ఆయాలు ఒక్కరే. రెండో ఆవిడ స్కూల్ తరఫు.

లెక్కల మాస్టారు
అయినా పదిమంది.

ఎర్రమట్టి
మాస్టారూ, మీరు దీన్ని రూపాయల్లోకి తెచ్చేశారు. తాత డబ్బు అడగలేదు. తాళం చూసి ఏడ్చాడు. గుత్తిరోడ్డన్నకు అది అర్థం కాదు, ఎందుకంటే ఆయన ఆ గ్రౌండ్‌లో ఒక్కరోజు చెమట కార్చలేదు. ఆయన తమ్ముడు ఒక సీజన్ ఆడి మానేశాడు. అట్లాంటివాళ్లు ఇక్కడ పెద్ద మాటలు మాట్లాడుతున్నారు.

గుత్తిరోడ్డు
మానేశాడా?

సరే. ఎప్పుడూ రాయకూడదనుకున్నాను, ఇప్పుడు రాస్తా. మా తమ్ముడికి అప్పుడు పదహారేళ్లు. ధర్మవరం జట్టుతో మ్యాచ్. బంతి కోసం మలుపు తిరిగాడు, ఎవరూ తాకలేదు, మోకాల్లో టప్‌మని శబ్దం. గీత దగ్గర నిలబడిన నాకే వినపడింది. సాయంత్రానికి మోకాలు కొబ్బరికాయంత వాచింది. భాయ్ వచ్చి నూనె రాసి, కాలు పట్టుకుని లాగి, తిప్పి, గట్టిగా కట్టు కట్టాడు. "నరం పట్టింది, పది రోజుల్లో పరిగెత్తుతాడు" అన్నాడు. మేం నమ్మాం. అందరూ ఆయన చేతిలో మంత్రం ఉందనేవాళ్లు కదా. పద్నాలుగో రోజు మళ్లీ దింపారు. ఇరవై నిమిషాలకు మోకాలు చేత్తో పట్టుకుని కూలిపోయాడు. బెంగళూరు తీసుకుపోయి ఎంఆర్ఐ తీయిస్తే లిగమెంట్ పూర్తిగా తెగి ఉంది. మొదటి రోజు తెగింది లిగమెంట్ మాత్రమే. రెండోసారి ఆడినందుకు లోపలి గుజ్జు కూడా చిరిగిందని డాక్టర్ అన్నాడు. శబ్దం రావడం, కొన్ని గంటల్లోనే వాయడం, ఈ రెండూ చూస్తే ఎవరైనా అనుమానించి ఆసుపత్రికి పంపాలట. మా నాన్న వేరుశనగ అమ్మిన డబ్బంతా దానికే పోయింది. వాడికిప్పుడు ఇరవై నాలుగు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు.

మానేశాడు అనకు. ఆ మాట మాత్రం అనకు.

గోల్‌పోస్టు
అన్నా, మాకు తెలీదు.

నిర్వాహకుడు
కుటుంబాల మీద మాటలు వద్దు. ఎర్రమట్టి గారూ, ఆ వాక్యం వెనక్కి తీసుకోండి. చర్చ ఆపడం లేదు.

ఎర్రమట్టి
వెనక్కి తీసుకుంటున్నా. తప్పు మాట. క్షమించు అన్నా. రాత్రంతా నిద్ర పట్టలేదు.

కానీ నాకు తెలిసిన ఒక విషయం కూడా చెప్పాలి. మీ తమ్ముడికి దెబ్బ తగలడానికి రెండేళ్ల ముందు భాయ్ కమిటీ దగ్గరికి పోయాడు. ప్రథమ చికిత్స శిక్షణ ఎక్కడో జరుగుతోందని విని, తననూ పంపమని అడిగాడు. నేను అప్పుడు పక్కనే ఉన్నాను. "నీకెందుకు భాయ్, నీ చేయి చాలు" అని నవ్వి, కమిటీలో ఒకరి బంధువును పంపించారు. ఆ కుర్రాడు సర్టిఫికెట్ తెచ్చుకుని ఆరు నెలలకే వేరే ఊరు పోయాడు. నువ్వు పైస్లీ కోర్సు చేశాడని రెండుసార్లు రాశావు. నిజమే, చేశాడు. మన భాయ్ చేస్తానన్నాడు, చేయనివ్వలేదు. ఇప్పుడు అదే కమిటీ ఆయనకు చదువు లేదని పంపించేస్తోంది. నా కోపమంతా అక్కడ. మొదటి పోస్టులోనే ఇది రాయాల్సింది, తాళం దగ్గరే ఆగిపోయాను.

గుత్తిరోడ్డు
ఇది నాకు తెలీదు.

అయినా ఒకటి అడుగుతా. తెలియనప్పుడు తెలియదనొచ్చు కదా? "ఆసుపత్రికి తీసుకుపోండి" అనడానికి కోర్సు ఎందుకు? పది రోజులని ఎందుకు మాటిచ్చాడు?

కదిరి_నంబర్ 7
ఎందుకంటే కోచ్ పక్కనే నిలబడి "ఎన్ని రోజులు భాయ్, సెమీస్ ఉంది" అని అడిగేవాడు. ప్రతిసారీ అదే ప్రశ్న. నా చీలమండకు కూడా అట్లాగే అడిగారు. ఆసుపత్రి అంటే ఖర్చు ఎవరు పెట్టాలని గొడవ. భాయ్ కట్టుకు డబ్బు తీసుకునేవాడు కాదు. అందరికీ అదే సులువైంది. మా ఇంట్లోవాళ్లకు కూడా.

గుత్తిరోడ్డు
మా ఇంట్లో కూడా. ఒప్పుకుంటా.

కానీ భాయ్‌ను మళ్లీ పిల్లల కాళ్ల దగ్గరికి రానివ్వడానికి ఒప్పుకోను. తాత సంగతి, మామ సంగతి వేరు. వాళ్ల మీద నాకు ఏ పేచీ లేదు. ఆదివారం మీటింగ్‌కు వస్తా. గ్రాట్యుటీ కాగితం మీద సంతకం పెడతా, భాయ్‌ది కూడా కలిపే. మళ్లీ పనిలోకి తీసుకోవాలనే కాగితం మీద పెట్టను.

ఎర్రమట్టి
రెండూ ఒకే అర్జీలో రాశాం అన్నా. ముగ్గురినీ కలిపే అడగాలనుకున్నాం.

గుత్తిరోడ్డు
అయితే విడదీయండి.

ఎర్రమట్టి
భాయ్ ఒక్కడినే వదిలేసినట్టు అవుతుంది.

గుత్తిరోడ్డు
నా తమ్ముడిని కూడా ఒక్కడినే వదిలేశారు.

లెక్కల మాస్టారు
రెండు అర్జీలు టైప్ చేస్తున్నా. ఎవరికి నచ్చినదాని మీద వాళ్లు సంతకం పెట్టండి. ఆదివారం పది గంటలు, ఆర్ట్స్ కాలేజీ గేటు దగ్గర కలుద్దాం, అక్కణ్నుంచి క్లబ్బుకు పోదాం. నాకు ఇంకొకటి కావాలి, తాత ఏ ఏడాది చేరాడు? పాత వోచర్లలో 1996 నుంచే కనబడుతోంది. ఆయన 1994లోనే చేరానంటున్నాడట.

టవర్ క్లాక్
మా నాన్న 1995 జట్టులో ఆడాడు. గ్రూప్ ఫొటో ఉంది. చివర్న సున్నం డబ్బా పట్టుకుని తాత నిలబడి ఉన్నాడు. వెనక తేదీ రాసి ఉంది. ఆదివారం తెస్తా.